జనవరి ఒకటి

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
జిరాక్సు మిషినుకు గోడకు నడుమ
మూరెడు జాగల నా కుర్చీ.
కుర్చీ ముంగట కేతావత్ జమ్కు,
పించిని ఫారం బీడీ తీరు చుట్టి
పిడికిట్ల పట్టుకోని.

"పుట్టిన తారీకు?"

"డిండి అలుగు పారిన యేడు.
మా యాడి జొన్నచేన్ల ఉంటే నొప్పులొచ్చినయంట.
మూడొద్దులు వాన ఇడవలేదంట,
నాకు మూడొద్దులు పేరు పెట్టలేదంట."

తెర మీద గళ్లు మూడే.
జొన్నచేను పట్టే గడి అండ్ల లేదు.
ఊకె చూద్దామని 'వాన' అని కొట్టిన.
ఎర్రగ మెరిసి
చెల్లదన్నది.

"ఏమంటున్నది నస్రీనూ?"
"అంకెలు కావాల్నంటున్నది."
"సదువుకున్నదా మరి?"

లేదు జమ్కూ,
అది నీ లెక్కనే అక్షరం రాని మనిషి.
నేను 'జ' ఒత్తుత, దానికి 'జ' అంటే ఏందో తెల్వది.
'జ'కు ఒక నంబరు పెట్టుకున్నది.
ఆ నంబరన్నా తెలుసా అంటే, అదీ తెల్వది.
అడుక్కు పోయి చూస్తే
కరెంటు ఉన్నది, కరెంటు లేదు,
గంతే దానికొచ్చిన సదువు.

"గది మా తండకు సుత ఒచ్చు" అన్నది.
"మాకు లేకుండుడే ఎక్కువ."

అన్నదో లేదో, ఠప్పున పోయింది కరెంటు.
తెర నల్లగయ్యింది.
సగం రాసిన జమ్కు
పేరు కాడ్నే మాయమయ్యింది.

"యాడికి పోయిన నేను?"

పలక తుడిచినట్టు పోయినవ్.
దీనికి రెండు యాదులుంటయి జమ్కూ.
ఒకటి చేతిల పలక, కరెంటున్నంతసేపే.
ఇంకోటి లోపలి పెట్టె.
దాచిపెట్టు అని నేను మీట ఒత్తితేనే
పెట్టెలకు పోతది.

చీకట్ల ఆమె కడియాలు చప్పుడైనయి.
"నాకు ఒక్కటే యాది," అన్నది,
"కరెంటు లేకున్నా సతాయిస్తది."

కరెంటొచ్చినంక మళ్ల మొదటికెళ్లి.
పెద్దకొడుకు యీడు అడిగిన, కాన్పుల లెక్క అడిగిన,
ఏండ్లను ఏళ్ల మీద ఎంచి
సున్నా ఒకటి, సున్నా ఒకటి, ఒక యేడు
కొట్టి పడేసిన.
పచ్చగ మెరిసింది.
రెప్ప పడేలోపల
అరవై ఏడేండ్లు అని తేల్చింది.

నేను అబద్ధం పెట్టిన.
అది ఒక్క దినం తప్పకుంట
నిజాయితీగ తీసేసింది.

ఆ రాత్రి షట్టరు దించే ముంగట
తండ పేర్లన్నీ తారీకు వారీగ పేర్చుమన్న.
రెండు వందల పద్నాలుగు మంది
ఒక్క దినమే పుట్టిన్రు.
ఏ జనవరి తొలిపొద్దులనో
గుడిసె గుడిసెల ఒక్కసారే నొప్పులు,
మంత్రసాని ఒక్కతి,
సలికి వణుక్కుంట
ఈ గడప నుంచి ఆ గడపకు ఉరుకుడు.
అంతా నా పదేళ్ల పుణ్యం,
నావి, ఈ చేతులవి.

కొత్త యేడు మొదటి దినం
దుకాణం తెరుస్తుంటె జమ్కు ఒచ్చింది.
వెనుక ఇంకా నలుగురైదుగురు ముసలోళ్లు,
అందరి చేతులల్ల ఫోన్లు.
"పొద్దుగాల్లకెల్లి టింగు టింగు మంటున్నయి
తండ తండంత. ఏముంది జర చదువు."

చదివిన.
"పుట్టినరోజు శుభాకాంక్షలు అంటున్నది."

"ఎవలు చెప్పిన్రు దానికి?"

తాళంచెవి చేతిల తిప్పుకుంట నిలబడ్డ.
"నేనే."

తిడుతదనుకున్న.
కొంగు ముడి ఇప్పి
ఉడకేసిన కందికాయ దోసెడు
నా మీటల మీద కుమ్మరించింది.
"తిను మరి. పండుగంట గదా."
అందరు నవ్విన్రు.
నవ్వి, బస్సెక్కి పోయిన్రు.

ఆమె పేరు తెరిచిన, దిద్దుదామని.
తాళం పడ్డది, నాతోని కాదన్నది.
తెల్లకాగితం అసుంటి ఒక ఫైలు తెరిచిన.
గళ్లు లేవు, హద్దులు లేవు.
డిండి అలుగు పారిన యేడు,
జొన్నచేన్ల, మూడొద్దుల వాన,
అని కొట్టి దాచిన.
ఎవ్వరు వెతకరు దాన్ని, ఎరికే.

కందిపొట్టు ఒకటి
సున్నా మీట కింద ఇరికింది.
అప్పటిసంది
రెండుసార్లు ఒత్తితే గాని
సున్నా పడ్తలేదు.