ఖాళీ చీటీ

తార్తూ నుంచి మోసుకొచ్చిన చెక్కపెట్టెలో
నాలుగొందల చీటీలు.
చీటీకో మాట. మాట కింద
ఊరు, పలికిన నోరు, తేదీ.
నా కోటు పెట్టెకి కప్పి
నేను తడిసి చేరాను లీనే ఇంటికి.

తోడేలుని మీ యాసలో ఏమంటారు?
ఆమె దుంపల తొక్క తీస్తూనే ఉంది.
బూడిద కోటాయన, అంది.
పొదల్లో విల్లెం.
అడవి కుక్కపిల్ల.
సరే, అసలు పేరు?
కత్తి ఆగింది.
"పిలిస్తే వస్తాడే అమ్మాయీ,
గొర్రెలింకా బయటే ఉన్నాయి."

చదువుకున్నదాన్ని కదా, అప్పజెప్పాను:
మనిషి తోడేలైతే
ఉత్తరాది వాళ్లకి లిబాహుంత్,
అందులో ముందు సగానికి అర్థం అబద్ధం.
మీ సోఎంద్ ఎక్కణ్ణుంచి వచ్చిందో
నాకింకా తేలలేదు.
"అబద్ధమేమిటి," అంది లీనే,
"గొర్రెని ఎముకల్తో సహా తిన్నవాడు!"

తర్వాత దానంతటదే వచ్చింది కథ.
నేలలోంచి విల్లులా లేచిన పైన్ వేరు,
దాని కింద మూడుసార్లు ఎదురుపొద్దుగా పాకాలి.
వెనక్కి రావాలంటే రొట్టె కావాలి,
పొయ్యిలోంచి తీసిన రై రొట్టె,
కత్తి మొనకి గుచ్చి
చీకట్లోకి చెయ్యి చాచాలి.
కత్తితో సహా పట్టుకుపోతాడు.
ఏళ్లు గడిచాక ఏదో పట్నం సంతలో
ఎవరో పెద్దమనిషి ఆ కత్తితోనే చేప కోస్తుంటాడు.
"నీదే ఇది," అంటాడు, "ఆ రాత్రి నువ్విచ్చిందే."

రాసుకున్నాను. తలెత్తితే
గోడమీద తోలుపట్టీ.
ఆరు అరలు, అయిదు కత్తులు.

లారీలొచ్చిన మార్చిలో
వాళ్ల కుస్తా అడవిలోకి పోయాడట.
మూడు చలికాలాలు
కిటికీ కింద గోళ్లతో గీకేవాడట.
కాగితాల్లో వాడి పేరు బందిపోటు.
ఊళ్లో మాత్రం ఎవరూ ఏ పేరూ ఎత్తలేదు.
పాలు వంపుతూ పక్కింటామె
గొంతు తగ్గించి అడిగేది:
"బూడిద కోటాయన వచ్చాడా రాత్రి?"
"వచ్చాడు. రొట్టె తిన్నాడు."
నాలుగో చలికాలం ఎవరూ గీకలేదు.

ఇది రాయకూడదని ఇద్దరికీ తెలుసు.
పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాను,
చెక్కడానికేమీ మిగలనంతవరకూ.

చీటీ మీద ఊరు రాశాను. పలికిన నోరు, లీనే.
తేదీ, అరవయ్యొకటి సెప్టెంబరు పద్నాలుగు.
మాట ఉండాల్సిన చోట
వానచుక్క పడి కాగితం ఉబ్బింది.

గడప దాటుతుంటే వెనకనుంచి అంది,
నేనడగనే లేదు:
"పిడికి ఎర్ర దారం చుట్టాను. జారకుండా."

ఇప్పటికీ శనివారం సంతలో
పొగబెట్టిన ఈల్ చేప కొనేటప్పుడు
ధర అడిగి
జవాబు వినను.
అమ్మేవాడి గుప్పిట
ఎప్పుడు విచ్చుకుంటుందా అని
చూస్తూ నిలబడతాను.