నొప్పుందా

చిత్తూరు పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రేకి అవతల, బోర్డు లేని గది మాది.
ఒకప్పుడుండేది. దాని కింద నిలబడాల్సొస్తుందని
ఎవరో పీకి పారేశారు. మేమూ మళ్లీ కొట్టలేదు.

దొరసామి మూడుసార్లు వచ్చి మూడుసార్లూ తిరిగిపోయాడు.
నాలుగోసారి తలుపు సగం తీసి
"మా ఫ్రెండుకి మేడం" అన్నాడు.
ఫ్రెండు సంగతి చెప్తున్నంతసేపూ
తన లుంగీ ఒంటికి తగలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

మామిడి సీజను గదా, వేడి చేసిందంట.
గుజ్జు డబ్బాలేసుకుని మద్రాసు హార్బరుకి
రాత్రంతా ఇంజను పక్కన కూర్చుంటే చెయ్యదా అంట.
మెడికల్ షాపులో ఇచ్చిన పౌడరు,
విరిగిన ఎముకకి పోయినట్టు పుత్తూరు పోయి
ఎవర్నో అడిగి తెచ్చుకున్న పసరు,
రెండూ కలిసి పుండు మీద అట్ట కట్టాయి.

డాక్టరమ్మకి ఇరవై ఏడేళ్లు.
సెలైనుతో ఆ అట్టంతా నానబెట్టి మెల్లగా తీసింది.
అంచులు ఎలుక కొరికిన కాగితం. తాకితే నెత్తురు.
గజ్జలో నిమ్మకాయంత వాపు.
అడ్డగర్ర అనేది మా అవ్వ దాన్ని,
ఆ మాట అన్నాక నోరు పుక్కిలించేది.

"నొప్పుందా?"
ఫ్రెండుని మరిచిపోయి
"సచ్చిపోతా వుండా మేడం" అన్నాడు.

ఈ గదిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే.
నొప్పుంటే ఒక క్రిమి, లేకుంటే ఇంకోటి.
మెత్తనిదొకటి, గట్టిదొకటి.
రెండూ ఒకే పుండులో కాపురముండడమూ కద్దు.
అందుకే రెండింటికీ మందు, తెల్ల కిట్టు.
మాత్రలు నా కళ్లముందే మింగించాను.
పెన్సిలిన్‌కి ముందు టెస్టు డోసు, ట్రేలో అడ్రినలిన్,
అరగంటసేపు గోడ గడియారం.
మొగిలి కనుమలో పద్నాలుగు చక్రాల బండి దింపేవాడు
సూది చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఇంట్లోవాళ్లు కూడా రావాల" అన్నాను, చీటీ ఇస్తా.
సూదికి కూడా అంత ఉలిక్కిపడలేదు.
నాలుగు మడతలేసి
బండి పర్మిట్ కాగితాల మధ్య దాచుకున్నాడు.

పదోరోజు నవనీత వచ్చింది, ఒక్కతే.
నలిగిన చీటీ బల్లమీద పెట్టి
కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది.
చదివాననలేదు. చదవలేదనీ అనలేదు.
డాక్టరమ్మ అలవాటుగా అడిగింది, "నొప్పుందామ్మా?"
"యాడ?" అంది.

డాక్టరమ్మ పెన్ను ఆగింది.
రిజిస్టరులో దానికి గడి లేదు.
నేను లేచి ఫ్యాను కొంచెం తగ్గించి
తెర లాగాను.
ఆరున్నర సైజు గ్లవుజులు అయిపోయాయి,
ఏడుతోనే సరిపెట్టుకున్నాం.