లచ్చన్న నోటుబుక్కు

కాశీనగర్‌లో కరెంటు పోయే వేళలు నాకు కంఠతా.
ఆలోపు కొంత కోడ్ కదపాలి.

ఒకే ప్రాసెసర్ కోసం రాసిన మెమరీ కోడ్ ఇది,
ఏళ్ళ తరబడి ఎవరెవరో అతుకులేసింది.
యంత్రంలోపలి యంత్రానికి
ఈ జ్ఞాపకమంతా నీదేనని నమ్మబలికి
అది అడిగిన ప్రతి చిరునామానూ
చాటుగా అసలు గడపకు చేర్చడం దీని పని.
ఇప్పుడు వేరే చిప్‌ల మీదా నడవాలట.
తెరిచి చూస్తే మూడో వరసకొకసారి
పాత చిప్ ఇంటిపేరే.

కింద వరండాలోంచి మాలతి గొమాంగో పిలిచింది.
కొత్త పోస్టుమాన్. బడిలో ఒడియా, ఇంట్లో సవర.
చేతిలో సిమ్మ లచ్చన్న వదిలి వెళ్ళిన నోటుబుక్కు:
ముప్పై ఏళ్ళ బట్వాడా,
తెలుగులో, అదీ ఆయన తెలుగులో.
"చదివి పెట్టక్కా."

వార్డు, వీధి, సందు, గడప.
నాలుగు మెట్లు దిగితే మనిషి.
నా పేజీ టేబుళ్ళూ అలాగే దిగుతాయి.
ఏటవతల మెట్లు మూడే కావచ్చు,
దిగడం మాత్రం దిగడమే.
అది ఒక పక్క రాసుకున్నాం.

ఇల్లు మారినవాళ్ళను కొట్టేయడం,
కొట్టేసిన సంగతి కాళ్ళకు కూడా చెప్పడం.
పైడమ్మ పోయాక ఆర్నెల్లపాటు
లచ్చన్న కాళ్ళు ఆ గుమ్మం దగ్గరే ఆగేవట.
టీఎల్‌బీలో పాత అనువాదం మిగిలిపోతే
నా యంత్రమూ పరాయి గడప తొక్కుతుంది.
ఇదీ అందరిదే. రాసుకున్నాం.

పేజీ తిప్పితే:
"కుక్కుంది. ఎలపట్నించి కేకెయ్యాల."
"ముసిల్దానికి సదువు రాదు.
సెడ్డ కబురైతే కూకుని సెప్పాల."
"మనియార్డరు కొడుక్కియ్యకు."

మాలతి కలం ఆగింది.
"ఇవి ఎక్కడ రాయను?"

పొద్దుట్నించి నేనూ అక్కడే ఆగాను.
ఈ చిప్, పేజీ మాసిందని తానే గుర్తు పెట్టుకుంటుంది.
ఆ చిప్‌కి మనం చూసి పెట్టాలి.
ఒకదానికి పేజీ అరచేయంత, ఇంకోదానికి చేటంత.

"చోటొదులు" అన్నాను.
"ఇక్కడొకటుందని మాత్రం రాయి.
ఏమిటన్నది ఆ గడపే చెబుతుంది."

ఆమె ఒడియాలో ఒక పేరు రాసి, కింద గీత గీసి,
గీత కింద ఏమీ రాయలేదు.

పైకొచ్చి నేనూ ఒక ఫంక్షన్‌కి
పేరు పెట్టి, ఒళ్ళు రాయకుండా వదిలేశాను.
పాత చిప్ పేరు నలభై చోట్ల కొట్టేశాను.
మూడు చోట్ల చెయ్యి రాలేదు.

కరెంటు పోయింది.
ఫ్యాన్ ఆగాక వినబడింది
సందులో సైకిలు బెల్లు,
ఆ తర్వాత, కాస్త దూరం నుంచే,
ఒడియా యాసలో కేక.