అనామతు ఖాతా

బి.కాం. రెండో ఏడు. అప్లికేషన్లో
ఒక గడి ఇంకా ఖాళీగా ఉంది:
తన శాఖ కాని సబ్జెక్టు ఒకటి, తప్పనిసరి.
సంగీతం నిండిపోయింది.
మనస్తత్వం నిన్ననే నిండిపోయింది.
కౌంటర్లో కోదండం గారు
కళ్లద్దాల పైనుంచి చూసి
"రాళ్లుండాయి పాపా, రాసేసేదా?" అన్నాడు.

రాళ్లు.
దామలచెరువు మండీలో
మామిడికాయల లెక్క రాసే మొగిలప్ప కూతురికి
రాళ్లెందుకో ఆ గడినే అడగాల.
మూడు క్రెడిట్లు లేకుంటే డిగ్రీ లేదు.
రాయించుకున్నాను.

చెంగల్రాయులు సారు తొలిరోజే
బెంచికొక రాయి పెట్టి
"నాలుకతో తాకి చూడండి" అన్నాడు.
కామర్సోళ్లం నలభైమందిమి
ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం.
మునిలక్ష్మి ఒకతే నాకింది.
"ఉప్పగా లేదు సార్."
"రాసుకో. లేనిది కూడా లెక్కే."

నవంబరులో
తుపాను తెరిపిచ్చిన ఒక శనివారం
అలిపిరి దాటి, రెండో ఘాటు రోడ్డులో
ఒక మలుపు దగ్గర బస్సు ఆపించినాడు.
సెక్యూరిటీ ఆయన విజిలు ఊదతానే ఉన్నాడు,
సారు అనుమతి కాగితం ఊపతానే ఉన్నాడు.

కొండ తెగిన చోట
కింద మొద్దురాయి, తడిసి నిగనిగలాడతా.
పైన పొరలు పొరలుగా
అట్లు పేర్చినట్టు ఇంకో రాయి.
నడమ ఒక గీత.

"ఈ గీతకు కిందికీ పైకీ ఎంత ఎడం?"
జానెడు కూడా లేదన్నాం.
"ఎనభై కోట్ల ఏండ్లు" అన్నాడు సారు.
"అన్ని వానలు కురిసినాయి, అన్ని ఎండలు కాసినాయి,
ఏం పేరుకుందో, ఏం అరిగిందో,
ఈడ మాత్రం ఒక్క పొర మిగల్లేదు."

జమా ఖర్చు కలవనప్పుడు
మేం తెరిచే అనామతు ఖాతా గుర్తొచ్చింది నాకు.
తేడా యాడిదో తెలిసేదాకా
ఆ పేరు కింద పక్కన పెడతాం.
ఏడాది తిరిగేలోగా మూసెయ్యాలంటుంది
ఆడిటింగు మేడం.
కొండకు ఆడిటరు లేడు.

రేడియేటరు కాగి ఆగిపోయిన జీపులోంచి
ఒక అవ్వ దిగొచ్చింది.
"ఈడ ఏ సామి నాయనా?"
సారు కాసేపు నోరు తెరవలేదు.
"ఏమీ లేదవ్వా. అదే చూస్తా ఉండాం."
అవ్వ తలూపింది, అంతా తెలిసినట్టే.
గీత మీద వేళ్లు పెట్టి కళ్లకద్దుకొని
జీపు చల్లారిందో లేదో చూసేదానికి పోయింది.

ఆ వారం ఇంటికి పోయి
అటక మీది నాయన చిట్టాలు దించినాను.
ఎర్రగుడ్డ అట్టలు, మొదటి పుటలో పసుపు,
బేనీషా ఇంత, తోతాపురి ఇంత,
తరుగు ఇంత, కూలీ ఇంత.
రెండు వేల ఒకటి పుస్తకం కింద
రెండు వేల అయిదు.
చెదలు పట్టినాయా అంటే లేదన్నాడు.
మరి రాయలేదా అంటే
"రాసేదానికి కాయుంటే కదా" అని
చొక్కా తొడుక్కొని మండీకి పోయినాడు.
ఆ పొద్దు ఆదివారం.

అమ్మ వంటింట్లోంచే చెప్పింది,
మిక్సీ ఆపకుండానే:
"ఆ మూడేండ్లు బెంగుళూరులో కాంక్రీటు మోసినాడు.
నీకు చెప్పొద్దన్నాడు."
సగమే వినబడింది.
మళ్లీ అడగలేదు.

పరీక్షలో గీతకుండే పొడుగాటి ఇంగ్లీషు పేరు
తప్పు రాసినాను. బి గ్రేడు. మూడు క్రెడిట్లూ వచ్చినాయి.
ఉద్యోగానికి పనికొస్తుందా అని
నాయన అడిగితే రాదన్నాను.

ఇప్పుడు రేణిగుంటలో
టైర్ల డీలరు దగ్గర లెక్కలు చూస్తా ఉండాను.
ఈ నెలాఖరుకు నూట ఎనభై రూపాయలు కలవలేదు.
"చేతిలోంచి ఏసి కలిపేద్దాం అక్కా,
రాత్రి బస్సు పోతుంది" అంటాడు గుణశేఖరు.
బస్సు పోతుంది, నిజమే.
ఉండనీరా అన్నాను.