ఏడో పద్దు

భువనేశ్వరం నుంచి ఉత్తరం వచ్చింది.
ఇంగ్లీషులో ఒక కాగితం, ఒడియాలో ఒక కాగితం.
తెలుగులో నేనే చెప్పాలి
మైదానానికి సున్నం గీతలు గీసే దండాసికి.
"జోన్లు మార్చీసేరు దండాసీ,
మనం పై లీగులోకి ఎల్లిపోనాం."
"మరి గుణుపురం?"
"అది రాలేదు."
"రాకపోడవేటి బాబూ, పక్కనే గదేటి."

పక్కనే.
పర్లాకిమిడిలో పొద్దుటి బండి ఎక్కితే
కాశీనగర్ దాటేలోగా
కుర్రాళ్లు అటుకుల పొట్లాలు ఖాళీ చేసేస్తారు.
నా ఆవర్జాలో ఏడో పద్దు అది, గుణుపురం మ్యాచి:
రానూ పోనూ టిక్కెట్లు, పదహారుమందికి.
ఉడికించిన గుడ్లు ముప్పై రెండు.
నిమ్మకాయలు. వాపుకి పసుపు.
ఓడినవాళ్లు గుడ్ల డబ్బులివ్వాలి,
గెలిచినవాళ్లు చెంబు పట్టుకెళ్లాలి.
ఇత్తడి చెంబు. ఏదో పెళ్లి చదివింపు.
అడుగున "కోరాడ వారి కానుక" అని చెక్కి ఉంటుంది,
ఆ కోరాడ వారెవరో
రెండు కాలేజీల్లోనూ చెప్పగలవాడు లేడు.

ఒక ఏడు వాళ్ల గోలీ ఎలియాజరు రైకా
జ్వరంతో వచ్చాడు, తలకి తువ్వాలు చుట్టుకుని.
మూడు పెనాల్టీలు ఆపి, అక్కడే కూలబడ్డాడు.
ఓడిపోయిన మా వాళ్లే
భుజాల మీద మోసుకెళ్లి రైలెక్కించారు.
ఆటోకి పన్నెండు రూపాయలని రాశాను,
నిజానికి ఆటో దొరకలేదు,
మోసినవాళ్లు టీలు తాగారు.

ఇప్పుడు లెక్క వేరు.
ఫోనులో ఆట చూసే వేళ్లని లెక్కబెట్టారట.
మా ఊరి వేళ్లు వేలల్లో ఉన్నాయట,
గుణుపురం వేళ్లు వందలు దాటలేదట.
కొండమీది ఊళ్లలో సిగ్నలు చిక్కదు.
నాలుగు కోసులు నడిచొచ్చి
గోడెక్కి చూసిన సవర కుర్రాడు
ఏ లెక్కలోకీ రాడు.

మాకు ఏడాదికి పద్నాలుగు లక్షలు.
నిజం చెబుతున్నాను,
ఆ అంకె రాస్తుంటే నా చెయ్యి కూడా వణికింది.
చిరిగిన వల కుట్టించడానికి నూట యాభై అడిగి
మూడుసార్లు తిప్పించుకున్నవాణ్ణి.
నన్ను నీతులు చెప్పమనకండి.
బూట్లొస్తాయి. దీపాల స్తంభాలొస్తాయి.
దండాసికి నెలజీతం ఇస్తారని మాట.

మరి ఖర్చు గాడి?
రూర్కెలాకి రాత్రంతా ప్రయాణం,
సంబల్‌పూరుకి ఒక రాత్రీ, సగం పగలూ,
పరీక్ష రాయాల్సిన పిల్లలు బెర్తుల మీద పుస్తకాలు కప్పుకుని.
కోచ్ జీతం ప్రిన్సిపాలు జీతాన్ని దాటిపోతుంది.
బరంపురం వాళ్లు అప్పుడే మా సుక్రోకి కబురంపారు:
రెండింతల స్టైపెండు, ఒక గది, ఒక మోటారు సైకిలు.
వాడు నా దగ్గరికొచ్చి తల దించుకుని
"ఏటి సెయ్యమంటారు సారూ" అన్నాడు.
ఉత్తరం నా బల్ల మీదే ఉంది.
ఏ మొహంతో వద్దనను?

పదేళ్లకి లీగుకి ఏదో సిమెంటు పేరు పెడతారు.
ఆ సిమెంటుని ఇంకో సిమెంటు కొంటుంది.
వేళ్లు మళ్లీ లెక్కబెడతారు.
అప్పుడొస్తుంది మాకూ ఒక ఉత్తరం,
ఇంగ్లీషులో ఒక కాగితం, ఒడియాలో ఒక కాగితం.
కొత్త నీరు పాత నీటిని కొట్టుకుపోతుందంటారు గానీ
వంశధార ఒడ్డున నిలబడి చూడండి,
ఏది కొత్తదో చెప్పండి.

మార్చిలో ఆడిటరు వచ్చాడు, పాణిగ్రాహి బాబు.
ఏడో పద్దు మీద పెన్సిలు ఆనించాడు.
"ఈ మ్యాచి ఇక లేదు కదా, మూసేయండి."
"మాకు రావలసిన చెంబొకటి ఉందండి."
"విలువ?"
"తెలీదు."
"విలువ తెలియనిది ఆస్తి కాదు.
బాకీ ఏమైనా ఉందా? బాకీ ఉంటే మాత్రం మూయడం కుదరదు."

ఆ సాయంత్రం గుణుపురం నుంచి ఫోను,
వాళ్ల గుమస్తా తంప జగ్గారావు:
"సెంబు పంపించీమంటారేటి?"
"ఉండనీండి."
కాసేపు ఏమీ మాట్లాడలేదు. రైలు కూత వినిపించింది,
అటువైపో ఇటువైపో.
"మరి మా గుడ్ల డబ్బులు? ముప్పై రెండు గుడ్లు.
పోయినేడు ఓడిపోనారు గదా మీరు."

ఓడిపోయాం.
"ఇస్తాంలే" అన్నాను, "వచ్చే ఏడు."