రెండున్నర రోజులు

కరెంటు బిల్లు వెనక గీశాను షెఫీల్డ్‌ని.
స్టేషను ఒక చుక్క, గది ఒక చుక్క,
నడుమ ఏటవాలు వీధులు.
ఆ ఊళ్ళో చదునన్నది లేదట.
మోకాళ్ళకు ముందే చెప్పి ఉంచు, అంది సలోమి
రాత్రి డ్యూటీ బూట్లు విప్పుతూ.

శుక్రవారం మధ్యాహ్నం దిగడం.
అద్దాల కప్పు కింద పెంచిన చెట్లు చూడడం.
శనివారం పొద్దున్నే బస్సు,
హాథర్‌సేజ్‌లో దిగి కొండ అంచుకి నడక.
వాన పడితే?
'పడితే' అని రాయకు, 'పడ్డాక' అని రాయి.

ఆ అంచు కింద
మనిషి నడుమెత్తు తిరగలి రాళ్ళు
గుండ్రంగా చెక్కినవి చెక్కినట్టే
గడ్డిలో పడి ఉన్నాయట,
కొనేవాళ్ళు లేక వదిలేసి పోయినవి.
ఒక్క గింజా నలగలేదు వాటి కింద.
చదివి వినిపిస్తే
తను చాలాసేపు మాట్లాడలేదు.
అక్కడ కాసేపు ఎక్కువ కూర్చుందాం, అంది.

అందుకని మామ్ టార్ కొట్టేశాను.
గుహ కొట్టేశాను, టికెట్టు ధర చూసి.
మ్యూజియం పక్కన ప్రశ్నార్థకం.
ఆదివారం గడిలో నేనేమీ రాయకముందే
తన చేత్తో 'నిద్ర' అని రాసి
కింద రెండు గీతలు గీసింది.

పదకొండు వారాలుగా ఒకే మంచం, వేర్వేరు వేళలు.
నేను లేచిన వెచ్చదనంలో తను పడుకుంటుంది,
నేను గోదాముకి పోతాను.
ఫ్రిజ్ మీది రెండు రోస్టర్లు
ఎక్కడ కలుస్తాయా అని వేలు పెట్టి వెతికితే
దొరికినవి ఇవే.

నాలుగోసారి మడత విప్పినప్పుడు గుర్తొచ్చింది
బిల్లు ఇంకా కట్టలేదని.
గడువు శుక్రవారమే.
కట్టేసి, మళ్ళీ వెనక్కి తిప్పాను.
గొడుగు ఒకటా, రెండా?
తను లేచాక అడగాలి.