చన్నీళ్ళకు వేణ్నీళ్ళు

వేణ్నీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు.
రోథరమ్‌లో మా ఇంటి బాయిలరు పోయి
ఇవాళ్టికి పదకొండో రోజు.
చన్నీళ్ళు బోలెడున్నాయి. వాటికే తోడు కావాలి.

రిపేరు కుర్రాడు రాసిచ్చిన చీటీ
ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద వేలాడుతోంది:
రెండువేల మూడొందల పౌండ్లు.
జూన్ నెల కనక బతికిపోయాం.
మా ఆయన ఆఫీసు జిమ్‌లో స్నానం కానిస్తున్నాడు.
నాకు బకెట్టు, చెంబు, ఒక కెటిల్.

స్టాఫ్ రూంలో డబ్బు మాట ఎవరూ ఎత్తరు.
జాగ్రఫీ చెప్పే అక్‌రాయిడ్
శనివారాలు గార్డెన్ సెంటర్లో
పెటూనియా కుండీలకి ధరలు అంటిస్తాడు.
ఇవి ఎదురు మాట్లాడవు, అంటాడు మెచ్చుకోలుగా.
ఫ్రెంచ్ మోర్వెన్నా పెళ్ళి కేకులు చేస్తుంది.
సోమవారం బోర్డు తుడవడానికి చెయ్యెత్తితే
మోచేతి మీద తెల్లగా చక్కెర పొడి.
డ్రామా టీచరు రాత్రిళ్ళు టాక్సీ తోలతాడని
ఎవరికీ తెలియదు,
ఒకసారి మా హెడ్‌మిస్ట్రెస్ ఎక్కేదాకా.
దారంతా వాన గురించే మాట్లాడుకున్నారట.
ఆవిడ టిప్పిచ్చింది. అతను పుచ్చుకున్నాడు.

నేను జవాబులు దిద్దుతాను.
తొమ్మిదిన్నరకీ చీకటి పడని రాత్రుల్లో
వంటింటి బల్ల మీద లాప్‌టాప్.
పిల్లల పేర్లుండవు. ఊళ్ళుండవు.
మొత్తం పేపరు కూడా ఇవ్వరు,
తెర మీద ఒక్క జవాబు ముక్క, దాని వెనక ఇంకో ముక్క.
ఏడో ప్రశ్న, సి భాగం:
మూత తీసిన పాత్రలో వేడినీళ్ళు ఎందుకు చల్లారతాయి?
మూడు మార్కులు.

నవ్వొచ్చింది మొదటి రోజు. ఒక్క రోజే.

ముక్కకి పద్దెనిమిది పెన్నీలు.
ఫిజిక్స్ దాన్ని కదా, లెక్క వేశాను:
బాయిలరంటే పన్నెండువేల ఏడొందల డెబ్బైయెనిమిది జవాబులు.
నాకిచ్చిన కోటా నాలుగువేలు.
మధ్యమధ్య ఒక దొంగ జవాబు పంపుతారు,
నేను సరిగ్గా దిద్దుతున్నానో లేదో చూడ్డానికి.
అది ఏదో తెలియదు కనక
అన్నింటికీ భయపడతాను.

వేడికి విసుగొచ్చి వెళ్ళిపోతుంది, అని ఒకరు.
సున్నా.
ఏదీ తన వేడిని తనలోనే దాచుకోలేదు, అని ఇంకొకరు.
ఎంతసేపో చూశాను దాన్ని.
మార్కుల పట్టికలో ఆ మాట లేదు.
ఆవిరి అనుంటే ఒకటి వేద్దును.

రెండువేల ఏడొందల చిల్లర దగ్గర
పెన్సిలుతో, గీతలు దాటి:
సారీ మిస్, ఇది చెప్పిన వారం నేను బళ్ళో లేను.

మిస్, అన్నాడు.
దిద్దేది ఎవరో వాడికెలా తెలుసు?
కిందికి జరిపాను. ఇంకేం లేదు.
సున్నా నొక్కాను.
సున్నాకీ అదే రేటు.
పద్దెనిమిది నాకు, సున్నా వాడికి,
రెండూ ఒక్క నొక్కులోనే.

కెటిల్ పెట్టాను. టీకి కాదు, రేపటి స్నానానికనుకున్నాను,
పొద్దుటికి చల్లారిపోతుందని
దిద్దుతూ దిద్దుతూ కూడా గుర్తు రాలేదు.

మర్నాడు తొమ్మిదో క్లాసులో హాజరు పిలుస్తూ
కిటికీ పక్క కుర్చీ దగ్గర ఆగాను.
బ్రోగన్ టిండల్.
వాళ్ళకేం, టాయిలెట్లో ఉండుంటాడు మిస్, అన్నారెవరో.
మూడు రోజులా?

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యకుండా
వాళ్ళింటికి ఫోను చేశాను.
దీనికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఇవ్వమనీ అనను.
చాలాసేపు మోగింది.
వాళ్ళమ్మ ఎత్తింది. వెనక
ఎక్కడో కుళాయి పారుతున్న చప్పుడు.
ఏ టీచరు, అంది అనుమానంగా.
చెప్పాను.
ఒక్క నిమిషం, అని
కుళాయి కట్టడానికి వెళ్ళింది.